బావిలోంచి పిలిచిందెవరు?

వెనకటికి ఒక సంస్థానంలో, బడి పుస్తకాల గది చూసుకునే నాంచారమ్మ ఊరూరా తిరిగి పిల్లల కోసం దయ్యాల కథల, సాహస కథల పుస్తకాలు ఏరి తెచ్చింది. దివాను భుజంగరావు అవి చూసి పిల్లలందరి ముందూ మండిపడ్డాడు.

"ఇవి చదివితే పిల్లలు జడుసుకుంటారు. అన్నీ పొయ్యిలో పెట్టు!"

నాంచారమ్మ "చిత్తం దొరా! ఎంత చెడ్డవో ఒక్క పుట వినండి" అని ఒక పుస్తకం తెరిచి చదివింది. కథలో ఓ పిల్ల ఒంటరిగా పాడుబడ్డ కోటలోకి వెళ్లింది. అక్కడి ఎండిన బావిలోంచి ఎవరో ఆ పిల్లను పేరుపెట్టి పిలిచారు.

నాంచారమ్మ టక్కున పుస్తకం మూసి బడి వంటింట్లోని పొయ్యివైపు నడిచింది.

"ఆగాగు! పిలిచిందెవరు?" అన్నాడు దివాను.

"పిల్లలూ ఇలాగే అడుగుతారు దొరా. అది తెలుసుకోవాలని కూడబలుక్కునైనా చదువుతారు."

దివాను పిల్లల్ని కాస్త జరగమని, వాళ్ల మధ్యనే చాప మీద చతికిలబడి, "సరే, కానియ్యమ్మా" అన్నాడు.