ఫోటోలో లేని కుందేలు

ఆ కొండ పేరు నాకిప్పుడు గుర్తు రావడం లేదు. కొండ కింద ఉన్న చెలమ మాత్రం గుర్తుంది. వేసవిలో వాగు ఎండిపోతే చుట్టుపక్కల జంతువులన్నిటికీ ఆ చెలమ నీళ్ళే దిక్కు. పడమట బండరాళ్ళు, తూర్పున వెదురుపొద, మధ్యలో చాపంత నీరు. పొదలోంచి ఎప్పుడైనా చిరుత రావచ్చు. అందుకని అక్కడొక కట్టుబాటు ఉండేది. అందరూ తాగుతుంటే ఒకరు మాత్రం తాగకుండా పొదవైపు తిరిగి నిలబడాలి. దాన్ని వెనకచూపు అనేవారు. రోజుకొకరి వంతు.

ఆ ఏడు నక్కకి కెమెరా దొరికింది. కొండ చూడ్డానికొచ్చిన మనుషులెవరో బండ మీద పెట్టి మరిచిపోయారు. నక్క దాన్ని మెడలో వేసుకుని వచ్చిన రోజు నుంచి నీళ్ళు తాగే పని వెనకబడింది, ఫోటోల పని ముందుకొచ్చింది.

"ఎలుగు మామా, కళ్ళు మూశావు. మళ్ళీ!"

"తెరిచే ఉంచాను బావా. నువ్వు నొక్కేసరికి అవే మూతపడుతున్నాయి."

"నా తోక సగమే పడింది," అంది నెమలి. "చూసినవాళ్ళు కోడి అనుకుంటారు."

"నన్నింత లావుగా తీశావేం?" అంది అడవిపంది.

"కెమెరా ఉన్నదున్నట్టే తీస్తుంది అత్తా."

"అయితే అది పాడు కెమెరా!"

కోతి ఏ ఫోటోలోనూ మొహంతో పడలేదు. ఎప్పుడు చూసినా ఒక గోధుమరంగు గీతే. "ఒక్క క్షణం కదలకుండా ఉండి చావవేం?" అని నక్క అరిస్తే, "కదలకపోతే అది నేనెలా అవుతాను?" అనేది.

ఒక్కటి బాగా రావడానికి నక్క ఇరవై తీసేది. తీసినవి ఎవరూ మళ్ళీ చూసేవారు కాదు. రేపటి ఫోటోలో ఎలా నిలబడాలా అన్నదే అందరి ధ్యాస. రెండు రోజులకోసారి "కార్డు నిండింది, చెడ్డవి తీసేస్తున్నా" అనేది నక్క. కుయ్, కుయ్ అని చప్పుడయ్యేది. ఏది చెడ్డదో తేల్చేది కూడా నక్కే.

"సాయంత్రపు వెలుతురు మొహాల మీద పడాలి. అందరూ పడమటికి తిరగండి!"

"మరి వెనకచూపు?" అంది ముసలి దుప్పి.

"ఒక్క ఫోటోకే కదా పెద్దమ్మా! నువ్వొక్కదానివి అటు తిరిగితే వీపు పడి ఫోటో చెడుతుంది."

ఒక్క ఫోటో నలభై ఫోటోలయింది. ఒక రోజు నెల రోజులయింది. వెనకచూపు ఎవరి వంతో అందరూ మరిచిపోయారు.

ఒకనాడు దుప్పి ఫోటోని దగ్గరగా చూసింది. వెనక వెదురుపొదలో రెండు చుక్కలు, లేతపచ్చగా, పక్కపక్కన.

"ఏమిటివి?"

"అద్దం మీద మచ్చలు పెద్దమ్మా." నక్క తోకతో అద్దాన్ని తుడిచింది.

మర్నాడు కూడా చుక్కలు పడ్డాయి.

"మచ్చలైతే ఒకేచోట ఉండాలి కదా బావా? నిన్న ఎలుగు తలపైన ఉన్నాయి. ఇవాళ వరస చివరనున్న కుంటి కుందేలు చెవి దగ్గరున్నాయి. పెద్దవి కూడా అయ్యాయి."

"నిన్నటిది నీకేం గుర్తుంటుందిలే," అని నక్క కుయ్‌మనిపించింది. ఆ ఫోటో పోయింది.

మర్నాడు కుంటి కుందేలు రాలేదు. వెనక వరసలో చివరన దాని చోటు ఖాళీగా ఉంది.

"కుందేలేది?" అంది దుప్పి.

"ఏ కుందేలు?" అంది నక్క.

"ఎడమ వెనకకాలు ఈడ్చేది. రోజూ ఈ చివరే నిలబడేది. నువ్వే నిలబెట్టేవాడివి."

నక్క కెమెరా అందరికీ చూపిస్తూ ఒక్కొక్క ఫోటో జరిపింది. ఎలుగు, పంది, నెమలి, గోధుమరంగు గీత. కుందేలు ఎక్కడా లేదు.

"ఉండి ఉంటే ఫోటోలో పడేది కదా," అంది పంది.

"ఏమో, ఒక కుందేలు ఉండేదని నాకూ అనిపిస్తోంది కానీ..." అని ఎలుగు తల గోక్కుంది. "ఫోటోలో లేదుగా మరి."

"పెద్దమ్మకి వయసు మీదపడింది," అంది నెమలి జాలిగా.

నిన్న మేసిన రేగుపొద ఎక్కడుందో దుప్పికి నిజంగానే గుర్తుండటం లేదు. ఒకే మాట రెండుసార్లు అడుగుతోందట. మరి కుందేలు కూడా తన తలలో పుట్టినదేనా? కాదని చెప్పేవాళ్ళెవరు?

తెల్లవారగానే ఒంటరిగా చెలమ దగ్గరికి వెళ్ళింది. నీరు ఇంకిన మేర బురద ఎండి బిగుసుకుపోయింది. అందులో చిన్న అడుగులు కనిపించాయి. మూడు లోతుగా, ఎడమ వెనకది గీరినట్టు. దుప్పి వంగి వాటిని మూతితో తాకింది. ఉంది. కుందేలు ఉండేది.

ఆ అడుగులు కొంత దూరం వెళ్ళి ఆగిపోయాయి. ఆగినచోట గోళ్ళ గుర్తు లేని గుండ్రటి పెద్ద అడుగులు, చిరుతవి. వాటి పక్కనే నక్క అడుగులు. పరుగెత్తినవి కావు. తీరిగ్గా, చుట్టాన్ని సాగనంపినట్టు, పొద దాకా పక్కపక్కనే నడిచాయి.

కంచే చేను మేసిందని దుప్పికి అర్థమైంది. కానీ చెబితే ఎవరు నమ్ముతారు?

ఆ సాయంత్రం నక్క వరస సర్దుతూ అంది: "పెద్దమ్మా, నీ మనవరాలు బుడిపిని ఆ చివర నిలబెట్టు. అక్కడ ముద్దొస్తుంది."

అది కుందేలు నిలబడిన చోటేనని దుప్పికి తెలుసు. మొహంలో మాత్రం ఏమీ కనపడనివ్వలేదు. "అలాగే బావా. నాకు తెలియక అడుగుతాను, ఇన్ని వందల ఫోటోలు తీశావు కదా, ఒక్కదాంట్లో నువ్వున్నావా?"

"తీసేవాడు ఎలా పడతాడు?"

"అయ్యో! ఫోటోలో లేనిది లేనట్టే కదా! రేపు ఈ పెట్టె చూసినవాళ్ళు నక్కంటే ఏ నక్క అంటారు. కుందేలు మాట నువ్వే తేల్చావుగా."

నక్క చెవులు వాలిపోయాయి. ఆ మాట దాని ఒంట్లోకి చలిలా దిగింది. అది నిజంగా భయపడటం అందరూ అప్పుడే చూశారు.

"దీనికి టైమర్ ఉంది," అంది కెమెరాను తడుముతూ. "ఎర్రదీపం పదిసార్లు మిణికి అదే తీస్తుంది. నేను పరుగెత్తి వచ్చి నిలబడతాను."

నక్క కెమెరాను బండ మీద కుదురుస్తుంటే దుప్పి ఒక్కొక్కరి చెవిలో చెప్పింది. "దీపం మిణకగానే అందరూ వెనకచూపు చూడండి. ముసలిదాని ముచ్చట. వీపుల ఫోటో ఒకటి కావాలి నాకు."

అందరూ నవ్వారు. సరే అన్నారు. దుప్పి బుడిపిని తన కాళ్ళ ముందుకి లాక్కుంది.

దీపం మిణికింది. నక్క పరుగెత్తుకొచ్చింది. ఖాళీ ఒక్కచోటే ఉంది.

"ఆ చివరా?" అని తడబడింది.

"అక్కడే ముద్దొస్తారన్నావుగా."

పొదలో ఉన్నది తన చుట్టమే కదా అనుకుని నక్క నిలబడింది. అందరూ వెనక్కి తిరిగారు.

"ఇటు! ఇటు తిరగండి! చెడుతుంది!" నవ్వు చెదరకుండా పళ్ళ మధ్యనుంచి అరిచింది నక్క. తను పడబోయే ఒకే ఒక్క ఫోటో, అందుకే తల కదపలేదు.

ఏడో మిణుకు. గాలి లేదు, వెదురు వంగింది.

తొమ్మిదో మిణుకు. రెండు చుక్కలు పొద దాటి బయటికొచ్చాయి. వాటి చుట్టూ మొహం ఉంది.

ఆకలి రుచి ఎరుగదు, చుట్టరికం అసలే ఎరుగదు.

క్లిక్.

మర్నాడు అందరూ గుంపుగా వచ్చి ఆ ఫోటో చూశారు. అన్నీ వీపులే. కోతి మొదటిసారి స్పష్టంగా పడింది, భయంతో బిగుసుకుపోయి. వరస చివర ఒకే ఒక్క మొహం, నిండుగా నవ్వుతూ. దాని భుజం మీద, ఎవరో ఆప్యాయంగా వేసినట్టు, ఒక పంజా.

చూస్తుండగానే బ్యాటరీ అయిపోయి కెమెరా తెర నల్లబడింది. నక్క కూడా ఏ ఫోటోలోనూ లేకుండా పోయింది.

"అవ్వా, నక్క నిజంగా ఉండేదా?" అని బుడిపి అడిగింది కొన్నాళ్ళకి.

"ఉండేది. కుంటి కుందేలు కూడా ఉండేది. ఎడమ వెనకకాలు ఈడ్చేది. ఏదీ, నువ్వు చెప్పు."

"ఎడమ వెనకకాలు ఈడ్చేది," అంది బుడిపి, పొదవైపు తిరిగి నిలబడి. ఆ రోజు వెనకచూపు దాని వంతు.

పెట్టెలో దాచినది చెరిపేవాడి చేతిలో ఉంటుంది. కళ్ళారా చూసి, నోరారా ఒకరికి చెప్పినదే నిలుస్తుంది.