చప్పట్ల తరవాత

మా గౌరీశ్వరరావు మాస్టారికి ఒక అలవాటుంది. అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పరు. "భోంచేశారా?" అని పలకరించినా, ఎవరో ఎప్పుడో భోంచేసిన సంగతి ఎత్తుకుంటారు. రిటైరయ్యాక అది మరీ ముదిరింది. నాలాంటి పాత సహోద్యోగులకు విసుగే గాని, ఆయన దగ్గర చదువుకున్న పిల్లలు మాత్రం పనిగట్టుకుని వచ్చి అడుగుతూనే ఉంటారు.

మొన్న జోగారావు వచ్చాడు. మాస్టారి శిష్యుడే, ఇప్పుడు ఉపాధ్యాయ శిక్షణ కాలేజీలో చదువుతున్నాడు. మా వైపు ఉపాధ్యాయ సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. ప్రతి కమిటీలోనూ శిక్షణలో ఉన్న విద్యార్థినొకరిని సభ్యుడిగా కూర్చోబెడతారు. ఈసారి ఆ పిలుపు వీడికొచ్చింది.

"ఒప్పుకోమంటారా సార్? మావాళ్ళ కష్టాలన్నీ అక్కడ చెప్పొచ్చు కదా. మాట్లాడ్డం నాకు బాగానే వచ్చు," అన్నాడు.

మాస్టారు చొక్కా కాలరు సవరించుకున్నారు. "ఈ చొక్కా పైడితల్లి కుట్టింది," అన్నారు. ఇహ మొదలెట్టారురా బాబూ, అనుకున్నాను. ఆయన చెప్పింది ఇది.

పైడితల్లి కూడా మాస్టారి దగ్గర చదువుకున్న పిల్లే. టీచరు కావాలని చిన్నప్పట్నించీ ఒకటే పట్టు. ఇంట్లో వద్దంటుంటే మాస్టారే వెళ్ళి తండ్రిని ఒప్పించి శిక్షణలో చేర్పించారు. పాఠాలు చెప్పడం అలవాటు చేసుకోడానికి ఆ పిల్లను, తోటి ఆడపిల్లలను కొండదిగువన ఒక హైస్కూలుకు పంపారు. అక్కడే చిక్కొచ్చిపడింది. బడి వదిలేసరికి ఆఖరి బస్సు వెళ్ళిపోయేది. పిల్లలు జీడితోటల మధ్యనుంచి నడిచి పెద్దరోడ్డెక్కాలి. దారిలో తాగి కూర్చునేవాళ్ళు వెంటబడేవారు. సంగతి తండ్రి చెవిన పడింది. "ఆ నడకైనా మానాలి, చదువైనా మానాలి," అని తెగేసి చెప్పాడు.

ఆ ఏడు కమిటీలో విద్యార్థి సభ్యురాలు నీలవేణి. పైడితల్లికి ప్రాణస్నేహితురాలు. "దిగులుపడకే, నేనడుగుతాను కదా," అంది. అడగాల్సింది కూడా కొండంత ఏం కాదు. శిక్షణకొచ్చిన ఆడపిల్లల్ని బస్సు అందేట్టు ఒక పీరియడు ముందు పంపెయ్యాలి, అంతే. ఆ స్కూలు హెడ్మాస్టరు స్వయంగా ఆ కమిటీలోనే ఉన్నాడు. అక్కడికక్కడ "సరేనమ్మా" అంటే అయిపోయే పని.

నీలవేణి లేచి మాట్లాడింది. తోటల మధ్య దారి, వెనక వినబడే ఈలలు, చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తడం, అన్నీ చెప్పి, ఒక పీరియడు ముందు పంపమని అడిగింది. అందరూ కదలకుండా విన్నారు.

ఇక్కడే మా పంతుళ్ళ బుద్ధి బయటపడింది. ఎవరు నిలబడి మాట్లాడినా మాకది పాఠంలాగే వినబడుతుంది. ఏం చెప్పారో వదిలేసి ఎలా చెప్పారో చూస్తాం. ఏం చేస్తాం, ఆ ఉద్యోగమే అంత. "ప్రారంభం చాలా చక్కగా ఉందమ్మా," అన్నారు ఒకరు. "చూపు మాత్రం అందరి మీదా తిరగాలి, ఒకేవైపు చూడకూడదు," అన్నారు ఇంకొకరు. సాక్షాత్తూ ఆ హెడ్మాస్టరే లేచి, "జీడితోటలు కళ్ళకు కట్టించేశావు తల్లీ! ఇలాంటివాళ్ళు రావాలి మన వృత్తిలోకి," అన్నాడు. అధ్యక్షులవారు శాలువా తెప్పించి కప్పారు. చప్పట్లు మోగిపోయాయి. మెచ్చుకున్నాక కూర్చోవాలని చిన్నప్పట్నించీ మేం నేర్పిందే కదా, కూర్చుంది. కమిటీ తరవాతి అంశం ఎత్తుకుంది.

పైడితల్లి గేటు దగ్గర కాసుకుని ఉంది. "ఏటన్నారే?" అంది, దూరంనుంచే.

నీలవేణి భుజం మీద శాలువా అలాగే ఉంది. మొహం వెలిగిపోతోంది. "శానా బాగా మాటాడేనన్నారే!"

"మరి బస్సు సంగతేటన్నారు?"

నీలవేణికి అప్పుడు తెలిసింది. వెనక్కి తిరిగి లోపలికి పరుగెత్తింది. హాల్లో అప్పటికే కుర్చీలు సర్దేస్తున్నారు.

ఆ సాయంత్రమే తండ్రి అన్నంత పనీ చేశాడు, చదువు మాన్పించేశాడు. మాస్టారు వెళ్ళి ఎంతో బతిమాలారు. "మీ పెద్దలందరికీ చెప్పింది కదా బాబూ ఆ పిల్ల, ఏటయింది?" అన్నాడాయన. నిష్ఠూరంగా కూడా కాదు, ఊరికే అడిగాడు. మాస్టారు తల దించుకుని వచ్చేశారు. పైడితల్లి ఇప్పుడు బజారువీధిలో మిషను కుడుతుంది. కుడుతూ కుడుతూనే చుట్టుపక్కల పిల్లల చేత ఎక్కాలు చెప్పించుకుంటుంది. తప్పు చెబితే మిషను ఆపుతుందట.

మాస్టారు ఆగారు. నాకు మనసు కలుక్కుమంది. అయ్యో, ఎంత చిన్న పని! ఒక్క మాట అని ఉంటే పోయేది కదా అనిపించింది.

జోగారావు కళ్ళు తుడుచుకున్నాడు. "ఎంత బాగా చెప్పారు సార్! కళ్ళకు కట్టినట్టుంది," అన్నాడు.

మాస్టారు వాడివైపు చూశారు. కోపం లేదు ఆ చూపులో. అంతకన్నా బాధ కలిగించేదేదో ఉంది.

"కమిటీకి వెళ్ళు నాయనా," అన్నారు. "వాళ్ళు చప్పట్లు కొడితే మాత్రం కూర్చోకు."