సీటు మీద రాయి

తవిటినాయుడికి కూర్చోవడం రాలేదు.

విహారంలో చేరి రెండు వానాకాలాలు గడిచాయి. పొద్దు పొడవకముందే లేస్తాడు, మెతుకు వృథా చెయ్యడు, అబద్ధం ఆడడు, ఎవరు ఏ పని చెప్పినా కాదనడు. కానీ ధ్యానమందిరంలో దిండు మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాడంటే చాలు, మనసు లేచి షికారుకు బయలుదేరేది. ట్యాంకులో నీళ్ళున్నాయా, పంపుసెట్టు వాషరు అరిగిపోయిందా, ఊళ్ళో అన్న ఊడ్పులు పూర్తిచేశాడా అని లోకమంతా తిరిగి, గంట మోగేసరికి ఏమీ ఎరగనట్టు ఇంటికి చేరేది.

విహారానికి పెద్ద ఉపసేన భంతే. బౌద్ధ భిక్షువులను భంతే అని పిలుస్తారు. ఆ కొండ మీద మాత్రం ఎంతమంది భిక్షువులున్నా ఉత్త భంతే అంటే ఆయనే. ఒక సాయంత్రం ఆయన అరుగు మీద ఒంటరిగా కనబడితే తవిటినాయుడు వెళ్ళి ఎదురుగా కూర్చున్నాడు.

"భంతే, నా ఒళ్ళు కూర్చుంటోంది గానీ మనసు కూర్చోవడం లేదు. పోనీ అది లేచిపోయిందని అప్పటికప్పుడు తెలిసినా బాగుండును. అదీ తెలియడం లేదు. ఏదైనా ఉపాయం చెప్పండి."

భంతే సముద్రం వైపు చూస్తూ అడిగారు.

"రేపు బండి తీస్తున్నావా?"

"తీస్తున్నానండి."

"ఆ సంగతి నాకంటే దానికే బాగా తెలుసు. దాన్నడుగు."

హాస్యమాడారనుకున్నాడు తవిటినాయుడు. నవ్వి ఊరుకున్నాడు.

బండి అంటే గడ్డి కోసే బండి. మీద కూర్చుని నడపొచ్చు, కడుపు కింద బ్లేడు తిరుగుతుంది, కోసిన గడ్డి పక్కనున్న మూతిలోంచి బయటికి చిమ్ముతుంది. కొండ కింద మూతపడిన రిసార్టు వాళ్ళు దాన్ని విహారానికి ఇచ్చేశారు. విహారం ముందు ఏ కాలం నాటిదో ఒక మట్టి స్తూపం, దాని చుట్టూ పెద్ద పచ్చిక వాలు. వానలు పడ్డాయంటే అక్కడ గడ్డి మోకాలు దాటుతుంది, పాములు చేరతాయి. పున్నమికి కింది ఊళ్ళ నుంచి పిల్లాపాపలతో వచ్చే జనం కూర్చునేదీ అక్కడే. అందుకని కొయ్యక తప్పదు. భిక్షువులేమో పచ్చని గడ్డిపరకను తుంచకూడదు, అది వాళ్ళ నియమం. కనక ఇంకా దీక్ష తీసుకోని తవిటినాయుడి మీద ఆ పని పడింది.

వాడికి అది పనిలా ఉండేది కాదు. మీసం రాకముందే ట్రాక్టరు ఎక్కినవాడు. వాలు మీద అడ్డంగా పోతే బండి దొర్లుతుందని నిలువుగా పైకీ కిందికీ కోసుకుంటూ పోతే, పచ్చిక మీద దువ్వెన పెట్టి దువ్వినట్టుండేది. చూసినవాళ్ళు మెచ్చుకునేవారు. మెప్పు తలకెక్కడానికి ట్రాక్టరు ఎక్కినంత కష్టం కూడా అక్కర్లేదు.

కానీ అసలు మెచ్చుకోవలసింది భంతేని. బండి తీసే రోజున ఆయన అందరికంటే ముందు లేచి, ఉత్త కాళ్ళతో వాలంతా నడిచేవారు. రాళ్ళు, సీసా పెంకులు, తీగ ముక్కలు ఏరి గట్టున కుప్ప వేసేవారు. కప్పో తాబేలో కనబడితే రెండు చేతుల్లోకి తీసుకుని అవతల వదిలేవారు. కోత అయ్యాక బండిని మిట్ట మీద నిలబెట్టించి, తాళం తీయించి, ఇంజిన్ చల్లారిన తర్వాత ప్లగ్గు తీగ ఊడదీసి, బండిని ఒక పక్కకు ఎత్తి కట్టి, కిందికి దూరి కొబ్బరి చిప్పతో బ్లేడు చుట్టూ అంటుకున్న గడ్డిని గీకేవారు. డెబ్బై దాటిన మనిషి, అంతమందికి గురువు, ఆ మురికిలో వెల్లకిలా పడుకుని గీకుతుంటే చూడ్డానికే వింతగా ఉండేది. ఎవరైనా వద్దంటే, "కోసేసిన గడ్డి కదా, నియమం అడ్డు రాదు" అని నవ్వేవారు. ఆ పని చేస్తున్నంతసేపూ తాళం ఆయన మొలతాడుకు వేలాడుతూ ఉండేది.

"కిందికి వంగేవాడి దగ్గరే తాళం ఉండాలి" అని మొదటిరోజే చెప్పారు. అంతకు మించి బండి గురించి ఆయన పెద్దగా మాట్లాడింది లేదు.

ఆ యేడు ఆశ్వయుజం వచ్చినా వాన వదల్లేదు. వర్షాకాలమంతా ఒక్కచోట ఉండే భిక్షువుల వ్రతం ఆ పున్నమితో ముగుస్తుంది. ఆ రోజే తవిటినాయుడికి దీక్ష ఇద్దామని భంతే అన్నారు. పనస చెక్క ఉడకబెట్టిన నీళ్ళలో తన కాషాయాన్ని తానే ముంచి, ఆరబెట్టి, మడిచి మందిరంలో చెక్క పలక మీద పెట్టుకున్నాడు. రోజుకొకసారైనా వెళ్ళి చూసుకునేవాడు. వాడి ప్రాణమంతా ఆ మడతలో ఉంది. భంతే ఏ కారణంతోనైనా ఇంకో ఏడాది ఆగమంటారేమోనని లోలోపల భయం. పచ్చికను అద్దంలా చేసి చూపిస్తే ఆ భయం తీరుతుందని వాడి లెక్క.

గడ్డి మాత్రం ఆరడం లేదు. తడి గడ్డి కోస్తే బండి మూతి దగ్గర ముద్ద కట్టి ఇరుక్కుంటుంది.

"ఆరనీ నాయనా" అన్నారు భంతే.

పున్నమి ఆగదు కదా అనుకున్నాడు తవిటినాయుడు. మన పెద్దలు నిదానమే ప్రధానం అన్నారు, ఆలస్యం అమృతం విషం అని కూడా అన్నారు. ఎవరికి ఏది పనికొస్తే వాళ్ళు అది ఏరుకుంటారు.

భంతే కింది ఊరికి భిక్షకు వెళ్ళిన పూట చూసి వాడు బండి తీశాడు. వాలు మీద నడిచి రాళ్ళు ఏరలేదు, పోయినసారి ఏరినవే కదా అనుకున్నాడు. నాలుగు బారలు పోయేసరికి మూతి ముద్ద కట్టింది. దిగాడు, బండి ఆగిపోయింది. దాని సీటు కింద ఒక స్విచ్చి ఉంది. బ్లేడు తిరుగుతుండగా సీటు మీద బరువు లేచిందంటే ఇంజిన్ టక్కున ఆగిపోతుంది. ముద్ద తీశాడు, ఎక్కాడు, మళ్ళీ నడిపాడు. మళ్ళీ ముద్ద, మళ్ళీ దిగడం, మళ్ళీ ఆగడం. కొత్తల్లుడిలా మాటిమాటికీ అలిగే ఆ బండి మీద వాడికి ఒళ్ళు మండింది.

గట్టున భంతే ఏరిపెట్టిన కుప్ప ఉంది. అందులోంచి నిండు బిందెంత బరువున్న రాయి ఒకటి మోసుకొచ్చి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. దిగాల్సి వస్తే ఒక పిర్రతో సీటును అదిమిపట్టి, రాయిని పైకి లాక్కుని, అప్పుడు జారేవాడు. రాయి కూర్చుంటే మనిషి కూర్చున్నాడనుకుని బండి చక్కగా తిరుగుతూనే ఉండేది. తన తెలివికి తానే మురిసిపోయాడు.

అలా ఒకసారి దిగి, తిరుగుతున్న బండి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కర్రతో మూతిలోని ముద్దను పొడిచాడు. ముద్ద కదిలింది. లోపలి నుంచి ఎవరో లాక్కున్నట్టు కర్ర పోయింది. ఫట్‌మని చప్పుడు, చెవి పక్కనుంచి ఏదో గాలిని కోసుకుంటూ వెళ్ళింది.

చేతిలో జానెడు కర్ర మిగిలింది. కర్ర ఇంకొంచెం పొట్టిదై ఉంటే ఏం మిగిలేదో చెప్పడానికి గురువు అక్కర్లేదు.

తల ఎత్తేసరికి బండికి అవతల భంతే నిలబడి ఉన్నారు. చంకన భిక్షాపాత్ర అలాగే ఉంది.

ఆయన పాత్ర కింద పెట్టి, చెయ్యి చాచి తాళం తిప్పారు. ఇంజిన్ ఆగింది. బ్లేడు ఇంకా తిరుగుతోంది. ఆ చప్పుడు సన్నబడి, సన్నబడి, పూర్తిగా అణిగిపోయేదాకా కళ్ళు మూసుకుని నిలబడ్డారు. తర్వాత తాళం తీసి మొలకు కట్టుకున్నారు. సీటు మీదున్న రాయికి చేతులు జోడించి నమస్కారం పెట్టారు. దాన్ని రెండు చేతులతో ఎత్తుకుని వాలు ఎక్కడం మొదలుపెట్టారు.

"నేను తెస్తాను భంతే" అని వెంటపడ్డాడు తవిటినాయుడు.

"పెద్దవారిని నేనే తీసుకెళ్తాను" అన్నారు భంతే.

మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకుంటూ, మళ్ళీ ఎత్తుకుంటూ, ఎలాగో మందిరం చేరారు. రాయి మీది మట్టి తుడిచి, తవిటినాయుడి దిండు మీద కూర్చోబెట్టారు. పలక మీది కాషాయం మడత తీసి దాని ముందు పెట్టారు.

తవిటినాయుడు మడత వైపు చెయ్యి చాపాడు. "అది నాది కదా భంతే?"

"బండి మీద ఎవరు కూర్చున్నారో వారిది."

ఆ సాయంత్రం అందరూ ధ్యానానికి కూర్చున్నారు. రాయీ కూర్చుంది. తవిటినాయుడికి గడప బయట చోటు దొరికింది. వంట చేసే నూకరత్నం టీ గ్లాసులు పట్టుకుని వచ్చి, ఒకటి రాయి ముందు పెట్టి, ఇంకొకటి గడప దగ్గరికి తెచ్చింది.

"రాయికి కూడా టీ ఎట్టమన్నారు బాబూ. నానేటి సేస్తాను? నీది ఇక్కడెట్టాను, ఏటనుకోకు."

"ఏమనుకుంటానమ్మా."

"కుదురుగానే కూకుంది గానీ," అంది ఆమె లోపలికి తొంగిచూసి, "టీ మాత్రం తాగనేదు."

మొదట వాడికి కోపం వచ్చింది. తర్వాత ఒక బండరాయి మీద అసూయ కలిగింది. అది దగ్గలేదు, కదల్లేదు, పంపుసెట్టు గురించి ఆలోచించలేదు. కోపమూ అసూయా దిగాక కళ్ళ ముందు భంతే చేతులు కనబడ్డాయి, రాయిని మోసి గీరుకుపోయిన చేతులు. కోత అయిన ప్రతిసారీ బ్లేడు కిందికి వెళ్ళేవి అవే. మనిషి లేచాడో లేదో కనిపెట్టే ఆ ఒక్క స్విచ్చి నోరూ తాను రాయితో మూయించాడు. తాళాన్ని బండికే వదిలేశాడు. ఏదో ఒక రోజు తాను అదే కంగారులో ఉండగా భంతే అటు పక్కన వంగి ఉంటే? ఆ ఆలోచన రాగానే వాడికి ఏడుపు ఆగలేదు. గడప బయట చోటు తనకు ఎక్కువే అనిపించింది.

మర్నాటి నుంచి ఎండ కాసింది. గడ్డి ఆరేదాకా వాడు బండి ముట్టలేదు. ఆరాక, పొద్దున్నే ఉత్త కాళ్ళతో భంతే పక్కన నడిచి వాలంతా రాళ్ళు ఏరాడు. తర్వాత భంతే తాళం విప్పి ఇచ్చారు.

దట్టమైన చోట మూతిలో గడ్డి ఇరుక్కుంటే బ్రేకు వేసి, ఇంజిన్ ఆపి, తాళం తీసి, దిగి నిలబడేవాడు. ఇంజిన్ ఆగినా బ్లేడు వెంటనే ఆగదు. ఆగేదాకా వినాలి. మొదట్లో శిక్షలా విన్నాడు. రానురాను ఆ చప్పుడు ఎక్కడ పూర్తవుతుందో పట్టుకోవాలనిపించేది. ఎంత చెవి పెట్టినా దాని చివర దొరికేది కాదు. దాని వెనక గాలి, గాలి వెనక ఏదో పిట్ట కూత, ఆ వెనక ఎక్కడో సముద్రం. ముద్ద తీయాలన్న సంగతే మరిచిపోయి నిలబడిపోయేవాడు.

ఒక సాయంత్రం గడప బయట కూర్చున్నప్పుడు పంపుసెట్టు వాషరు గుర్తొచ్చింది. గుర్తొచ్చిందో లేదో, లోపల ఏదో టక్కున ఆగింది. తవిటినాయుడు ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. ఎదురుగా భంతే కళ్ళు మూసుకునే ఉన్నారు గానీ పెదవుల మీద నవ్వు ఉన్నట్టనిపించింది.

పున్నమికి ముందు రోజు సాయంత్రానికి చివరి చాలు మిగిలింది. వాలు అడుగున పని ముగిసే సమయంలో మూతి మళ్ళీ ముద్ద కట్టింది. బ్రేకు వేశాడు, ఆపాడు, తాళం తీశాడు, దిగాడు. వింటూ నిలబడ్డాడు.

వెనక అడుగుల చప్పుడు. భంతే రాయిని ఎత్తుకుని దిగి వస్తున్నారు. ఈసారి తవిటినాయుడు అడ్డం వెళ్ళలేదు. ఆయన వంగబోతున్నారని తెలిసి, తాళాన్ని ఆయన మొలతాడుకు తానే కట్టాడు.

భంతే మోకాళ్ళ మీద కూర్చుని, వాలు వైపున్న వెనక చక్రం కింద రాయిని గట్టిగా నొక్కి పెట్టారు. బండి రవ్వంత వెనక్కి జరిగి, దాన్ని ఆనుకుని నిలిచింది.

"దీని చోటు దీనికి దొరికింది" అన్నారు చేతులు దులుపుకుంటూ.

"మరి నాది, భంతే?"

భంతే కొబ్బరి చిప్ప అందుకున్నారు. "గంట మోగుతోంది. వినబడటం లేదా?"

తవిటినాయుడు వాలెక్కి మందిరంలోకి వెళ్ళాడు. కాషాయం మడత పెట్టిన చోటే ఉంది. దిండు ఖాళీగా ఉంది, మధ్యలో రాయి చేసిన గుంట ఇంకా పూడలేదు.

వెళ్ళి ఆ గుంటలో కూర్చున్నాడు.