దీపం కింద ఎరుపు

భీమిలి రేవులో వరహాలయ్య అనే ధనవంతుడు ఉండేవాడు. ఊళ్ళో ఎవరికీ లేనన్ని అరుదైన రత్నాలు అతని దగ్గర ఉండేవి, ఊరందరికీ పంచినా మిగిలేంత అనుమానం కూడా ఉండేది.

బస్రా ముత్యాలు, బర్మా కెంపులు, సింహళం నీలాలు, కదిపితే లోపల ఏడు రంగులూ మెదిలే తెల్లరాయి, ఇలా ఎన్నో పోగేశాడు. పోనీ నలుగురికీ చూపించి సంతోషించేవాడా అంటే అదీ లేదు. పెట్టె వంక చూసిందని వంటమనిషిని మాన్పించాడు. ఒక ముత్యం ధర అడిగాడని మేనల్లుణ్ణి గుమ్మం తొక్కవద్దన్నాడు. పట్టపగలు కూడా కిటికీలు బిగించి, దీపం వెలిగించుకుని రాళ్ళు చూసుకునేవాడు. ఆ ఇంట్లోకి ఎండ వచ్చి ఎన్నాళ్ళయిందో ఎండకే తెలియాలి.

ఆ రాళ్ళలో అతనికి ప్రాణం ఒక ఉంగరం. ఏదో చలిదేశపు ఓడలో వచ్చిన నావికుడి దగ్గర, ఒక సాయంత్రం లాంతరు వెలుగులో కొన్నాడు. మందారపువ్వులా ఎర్రటి రాయి. దాని పేరు అమ్మినవాడికీ తెలియదు, కొన్నవాడికీ తెలియదు. ఆ రోజు నుంచి అది పగటి వెలుగు చూడలేదు; దీపాలు పెట్టాకే వేలికి తొడిగేవాడు.

అతని ఇంటికి వచ్చే మనిషి ఒక్కడే మిగిలాడు. చిన్ననాటి స్నేహితుడు సింహాద్రాచారి. కంసాలి పని చేసుకునేవాడు. దీపాలు పెట్టే వేళకు వచ్చి, పులి-మేక ఆట ఆడి, రెండు కబుర్లు చెప్పి వెళ్ళేవాడు. రోజంతా వరహాలయ్య నోరు విప్పేది ఆ కాసేపే. చారి అడుగుల చప్పుడు వినబడితే చాలు, అతని ముఖం విప్పారేది.

ఒకరోజు ఆటలో ఉండగా ఉంగరంలో రాయి కదలడం చారి చూశాడు.

"ఒరే, ఇలా ఒగ్గేస్తే రాయి రాలిపోద్ది. నాకియ్యి. రేపు బిగించి తెచ్చేస్తాను" అన్నాడు.

వరహాలయ్యకు ఇవ్వబుద్ధి కాలేదు. ఇవ్వనంటే చారి ఏమనుకుంటాడో అని ఇచ్చాడు. ఇచ్చాడే గాని, ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం చారి చెమటలు కక్కుతూ పరుగున వచ్చాడు. వాకిట్లో నిలబడే కేక వేశాడు.

"వరహాలూ! ఓపాలి బయటికి రా! నీ రాయి ఏటి సేసిందో సూద్దువు గాని!"

వరహాలయ్య తలుపు తీశాడు. చారి అరచేతిలో, ఎండలో, ఉంగరం మెరుస్తోంది. అందులో రాయి చిలక రెక్కలా పచ్చగా ఉంది.

"నా రాయి ఏదిరా?" అని అరిచాడు వరహాలయ్య.

"అదే సెప్తన్నాను. పొద్దున్న నానూ..."

"నోర్ముయ్! మార్చేశావు! కొలిమి ముందు కూర్చునేవాడి చేతికి రత్నం ఇవ్వడం నాదే బుద్ధి తక్కువ!"

వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. చారి నవ్వు ముఖం మాడిపోయింది. ఉంగరాన్ని అరుగు మీద పెట్టాడు.

"వింత సూపిద్దామని వొచ్చాను రా. నువ్వే సూపించావు" అని వెళ్ళిపోయాడు.

సాయంత్రం వరహాలయ్య అరుగు మీది ఉంగరాన్ని లోపలికి తెచ్చి దీపం వెలిగించాడు. ఆ వెలుగు పడగానే రాయి మందారంలా ఎర్రబడింది. చారి భయపడి దొంగచాటుగా అసలు రాయి తెచ్చి పెట్టాడేమో అని కూడా అనుకున్నాడు, మహానుభావుడు! తెల్లవారాక, ఏళ్ళ తర్వాత, కిటికీ తెరిచాడు. ఎండ తగిలి రాయి మళ్ళీ పచ్చబడింది. కిటికీ మూసి దీపం పెట్టాడు. ఎరుపు. తన రాయి గుణం తనకే తెలియలేదని అప్పుడు అర్థమయింది.

తలుపుకు తాళం వేయడం కూడా మరిచి పరిగెత్తాడు. చారి కొలిమి దగ్గర ఉన్నాడు. కోప్పడలేదు. పీట వేసి మంచినీళ్ళిచ్చాడు.

"తప్పయిపోయింది రా. అది ఎండలో పచ్చన, దీపానికి ఎరుపు. ఈ ఉంగరం ఇక నీదే. సాయంత్రం వస్తావు కదూ?" అన్నాడు వరహాలయ్య చేతులు పట్టుకుని.

చారి ఉంగరాన్ని అతని గుప్పిట్లోనే ఉంచి మూశాడు.

"ఒక్క మాట సెప్పు. ఆ రాయి మళ్ళీ ఎర్రబడకపోతే, ఇయ్యాల నా ఇంటికి వొచ్చీవోడివా?"

వరహాలయ్య గుప్పిట్లోని ఉంగరం వంక చూసుకున్నాడు.

"రాయి సాచ్చెం సెప్పింది కాబట్టి వొచ్చావు. చిన్నప్పట్నించీ ఉన్నాను, నా మాట సాల్లేదు నీకు" అని చారి పనివైపు తిరిగాడు.

ఆ రోజు నుంచి వరహాలయ్య ఇంటి కిటికీలు తెరిచే ఉండేవి. దీపాలు పెట్టే వేళకు అతను పులి-మేక పలక పరిచి వీధివైపు చూసేవాడు. ఎవరూ వచ్చేవారు కాదు. చివరికి పులులనూ తనే జరిపేవాడు, మేకలనూ తనే జరిపేవాడు. ఎవరు గెలిచినా ఆ ఇంట్లో నవ్వు వినబడేది కాదు.

అందుకే పిల్లలూ, గుర్తుంచుకోండి: రాయిని పరీక్షించాక నమ్మాలి, స్నేహితుణ్ణి మాత్రం అతని మాట మీదే నమ్మాలి, రుజువు దొరికాక చూపే నమ్మకం పోయిన స్నేహాన్ని తిరిగి తేలేదు.