ఈల కలిసిన కూత

తిప్పయ్య తాయెత్తు కోసం ఉస్తాదు గుడిసెకు వచ్చాడు. వేటగాడు తాయెత్తు అడగడం సిగ్గుచేటే. భయం ముదిరాక సిగ్గు ఎవడికి గుర్తుంటుంది?

"చచ్చిన పుంజు కూస్తా ఉంది ఉస్తాద్," అన్నాడు గడప బయటే నిలబడి. "నేను కూస్తే వాగు అవతలి గట్టు నుంచి బదులిస్తాది. కూత చివర ఈల మాదిరి వస్తాది. ఏ అడవికోడీ అట్ల కూయదు."

ఉస్తాదు పీరా సాయిబు ఒకప్పుడు నల్లమల అంచు పల్లెల్లో పేరుమోసిన వేటగాడు. ఇప్పుడు కొండ కింద చిన్న దర్గాలో దీపం పెట్టుకుంటూ, తిప్పయ్య ఒక్కడికే వేట నేర్పుతున్నాడు. పుంజులా కూసి పుంజును పోటీకి పిలవాలి. అది దగ్గరికొచ్చేదాకా ఊపిరి బిగబట్టి కూర్చోవాలి. తుపాకిలో సన్న సీసపు రవ్వలు పోసి, దాని కన్ను కనిపించాకే కొట్టాలి. ఆయన చెప్పే చదువంతా ఇంతే.

తిప్పయ్యకు అది చేతగాని ముసలివాళ్ల వేటగా తోచింది. ఉస్తాదుకు తెలియకుండా తుపాకిమందు రెట్టింపు దట్టించి, లావు గుండ్లు పోసి, దూరం నుంచే కొట్టడం మొదలుపెట్టాడు. ఆఖరికి వాగు ఇవతల నుంచి అవతలి గట్టు మీది పుంజును కొట్టాడు. ఈకలు లేచాయి, పుంజు పడింది. వెళ్లి చూస్తే లేదు. అయినా మన వీరుడు టీకొట్టు దగ్గర ఆ దూరం గురించే గొప్పలు పోయాడు.

ఇప్పుడు అడవిలో అడుగుపెట్టలేకపోతున్నాడు. కళ్లు మూస్తే ఆ ఈలే. వేట తప్ప వాడికి వేరే బతుకు తెలియదు.

"తాయెత్తు కడతా," అన్నాడు సాయిబు. "ఆ పొద్దు ఎట్ల కొట్టినావో ముందు చూపించు."

ఇద్దరూ వాగు దగ్గరికి వెళ్లారు. ఆయన తన తెల్ల దుప్పటిని తీసుకెళ్లి అవతలి గట్టున ముళ్లకంప మీద ఆరేసి వచ్చాడు. తిప్పయ్య అంతే మందు దట్టించి, అవే గుండ్లు పోసి, ఆ పొద్దు నిలబడ్డచోటే నిలబడి కొట్టాడు. కొండంతా మోగింది.

దుప్పటి తెచ్చి ఇసుకలో పరిచారు. ఇక్కడొక చిల్లు, అక్కడొక చిల్లు.

"తగిలినాయి గదా ఉస్తాద్!" తిప్పయ్య ముఖం వెలిగింది.

సాయిబు బొగ్గుముక్కతో దుప్పటి మీద పుంజు బొమ్మ గీశాడు. నిజం పుంజంత బొమ్మ. చిల్లుల నడుమ ఖాళీలో అది దాదాపు ఇమిడింది. తలకు ఏమీ కాలేదు, గుండెకు ఏమీ కాలేదు. గొంతు దగ్గర ఒక చిల్లు, రెక్క చివర ఒకటి పడ్డాయి. చివరికి కన్ను పెట్టాడు. ఆ కన్ను తననే చూస్తోందనిపించి తిప్పయ్య తల తిప్పుకున్నాడు.

మర్నాడు మంచు వీడకముందే ఇద్దరూ వాగు పక్క పొదలో కూర్చున్నారు. సాయిబు ఆ చిల్లుల దుప్పటే కప్పుకున్నాడు. సన్న రవ్వలు పోసిన తన తుపాకిని తిప్పయ్య చేతిలో పెట్టాడు.

"కూయి."

"వద్దు ఉస్తాద్."

"కూయి నాయనా."

తిప్పయ్య కూశాడు. కాసేపు ఆకుల మీంచి నీళ్లు కారే చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత మంచులోంచి జవాబు వచ్చింది. కూత, కూత చివర ఈల.

మళ్లీ వచ్చింది, ఈసారి దగ్గర నుంచి. ఎండుటాకుల మీద ఒక అడుగు, వెనకే ఏదో ఈడ్చుకొస్తున్న చప్పుడు. మళ్లీ అడుగు, మళ్లీ ఈడుపు.

"కొట్టేదా?" గుసగుసగా అడిగాడు తిప్పయ్య.

"కన్ను కనపడిందా?"

"లేదు."

"అయితే ఉండు."

మంచులోంచి పుంజు బయటికొచ్చింది. ఒక రెక్క నేల మీద ఈడుస్తోంది. గొంతులో చిల్లు. ఊపిరి తీసినప్పుడల్లా ఆ చిల్లు చుట్టూ ఈకలు అదురుతున్నాయి. ఆ ఒంటితోనే, తనను పిలిచిన పుంజు మీద కలబడటానికి మెడ నిక్కించి వస్తోంది.

తిప్పయ్యకు భయం పోయింది. ఏడుపొచ్చింది.

కన్ను కనిపించింది. కొట్టాడు. పుంజు నిలబడ్డచోటే ఒరిగింది, కాళ్లయినా కొట్టుకోలేదు.

చేతిలోకి తీసుకుంటే బరువే లేదు. ఈకలు, ఎముకలు అంతే.

"ఇన్నాళ్లూ ఏం తిని బతికింది ఉస్తాద్?"

సాయిబు దుప్పటి నుంచి చిల్లు ఉన్న పీలిక ఒకటి చింపి వాడి జబ్బకు కట్టాడు. తిప్పయ్య కళ్లు తుడుచుకుని, పుంజును ఇసుకలో పూడ్చి, తేలికపడి లేచాడు.

"ఇంక పోదాం ఉస్తాద్."

సాయిబు కదల్లేదు. "ఆ గుండ్లతో కొట్టింది ఇదొక్కదాన్నేనా?"

తిప్పయ్యకు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. కొన్నిటికి ఈకలు మాత్రం రాలాయి. కొన్ని తూలుతూ పొదల్లో దూరాయి. తగల్లేదులే అనుకుని మరిచిపోయాడు.

"కూయి," అన్నాడు సాయిబు.

తిప్పయ్య కూశాడు.

కొండ మీంచి ఒకటి బదులిచ్చింది. వాగు పైనుంచి ఒకటి. వెదురు పొదల్లోంచి ఇంకొకటి. ఆ తర్వాత, ఎక్కణ్ణుంచో తెలియకుండా, చాలా. అన్నిటి చివరా ఈల ఉంది.

సాయిబు సన్న రవ్వల సంచిని వాడి చేతిలో పెట్టాడు.

"దగ్గరికి రానీ," అన్నాడు.