మడుగు మోసిన పిలుపు

అనగనగా, మీ తాతలకు ఇంకా పాలపళ్ళు కూడా రాని రోజుల్లో, ఒక మడుగు ఉండేది. దాని గట్టున పేరమ్మ అనే నల్లచీమ కాపురం ఉండేది.

ఒకనాడు వానకు పేరమ్మ పుట్టలోకి నీళ్ళొచ్చాయి. ఆమె తన గుడ్లను నోట కరుచుకుని, ఒక్కొక్కటిగా ఓ బాదం ఆకు మీదికి చేర్చింది. అంతలో గాలి ఆ ఆకును మడుగు నడుమకు నెట్టి ఆగిపోయింది. గాలి సంగతి తెలిసిందే. దేన్నైనా మొదలుపెడుతుంది, చివరిదాకా ఉండదు.

ఆకు నానిపోతోంది. సాయంత్రానికి మునుగుతుంది. పేరమ్మకు ఈత రాదు. గుడ్లకు అసలే రాదు.

"నాయనలారా, కాపాడండి!" అని అరిచింది.

గట్టున గోపన్న అనే గోదురుకప్ప విన్నాడు. ఆయన ఆ మడుగుకు పెద్దమనిషి. ఆ మాట చెప్పింది కూడా ఆయనే.

"భయపడకమ్మాయ్! నేనే ఈదుకుంటూ వద్దును గానీ, చీమలు దగ్గరికొస్తే నాకు ఆకలేస్తుంది. ఆ విషయంలో నన్ను నేనే నమ్మను. ఇక్కణ్ణించే ఓ అల పంపుతా. అదే నిన్ను అవతలి గట్టుకు తోసేస్తుంది."

దభీమని నీళ్ళలోకి దూకాడు. అల గుండ్రంగా విచ్చుకుంటూ వచ్చింది. ఆకు పైకి లేచింది, కిందికి దిగింది. అల ముందుకు సాగిపోయింది. ఆకు ఉన్నచోటే ఉంది.

"అది చిన్న అల కాబట్టి," అన్నాడు పోతురాజు అనే దున్నపోతు. అతడు పొద్దుటినుంచి బురదలో పడుకుని ఆలోచిస్తున్నాడు. దేని గురించో ఎవరికీ చెప్పలేదు. "నేను అక్కడికొస్తే నా రాకకే మునిగిపోతావు చెల్లెమ్మా. ఇక్కడే పొర్లుతాను, చూడు."

పొర్లాడు. పెద్ద అల వచ్చింది. ఆకు ఇంకా ఎత్తుకు లేచింది, ఇంకా కిందికి దిగింది. ఉన్నచోటే ఉంది.

ఒంటికాలి మీద తపస్సు చేస్తున్న కొంగస్వామి కళ్ళు తెరిచాడు. ఆయన తపస్సు చేప కనబడేదాకానే. "నేను వాలితే నా రెక్కల గాలికే ఆకు తిరగబడుతుంది. ఇద్దరూ కలిసి చేయండి నాయనా. రెండు అలలు కలిస్తే బలం రెట్టింపు," అన్నాడు.

గోపన్న ఈ పక్క దూకాడు, పోతురాజు ఆ పక్క పొర్లాడు. రెండు అలలూ సరిగ్గా ఆకు కింద కలిశాయి. స్వామి చెప్పినట్టే రెట్టింపయింది, ఎత్తు మాత్రం. ఆకు ఒరిగింది. ఒక గుడ్డు దొర్లిపోబోతుంటే పేరమ్మ కాలు అడ్డుపెట్టి ఆపింది.

"చాలు బాబూ, చాలు!"

ఆ గుడ్డును మళ్ళీ ఆకు నడుమకు చేర్చి ఆమె చుట్టూ చూసింది. పక్కనే ఒక వేపపువ్వు తేలుతోంది. అల వచ్చినప్పుడల్లా అదీ లేచి దిగుతోంది. కానీ ఎక్కడికీ పోవడం లేదు.

'అల వెళుతోంది. నీళ్ళు వెళ్ళడం లేదు. ఇది నేనెక్కడో చూశానే!' అనుకుంది పేరమ్మ.

చూసింది తమ బారులోనే. ముందున్న చీమకు బెల్లం దొరికితే, వెనకదాని తలను తన మీసాలతో తడుతుంది. రండి, రండి, రండి! అది తన వెనకదాన్ని తడుతుంది. ఏ చీమా వెనక్కి పరిగెత్తదు. కబురు మాత్రం బారు చివరికి చేరిపోతుంది.

'అయితే అల నన్ను మోయలేదు. నా కబురును మోస్తుంది!'

అవతలి గట్టున రెల్లు దుబ్బుల్లో తాబేలు తాత ఉంటాడు. చెవుడు. ఎంత అరిచినా వినబడదు. కానీ ముక్కు ఎప్పుడూ నీటి అంచునే ఉంటుంది.

"అన్నల్లారా, ఇంకొక్క సాయం చేయండి. కాసేపు ఎవరూ కదలకండి," అని వేడుకుంది.

అన్నిటికన్నా కష్టమైన సాయం అదే. గోపన్న నోరు మూసుకున్నాడు. ఆ మడుగులో అంతకుముందు ఎవరూ అలాంటిది చూడలేదు. పోతురాజు తోక మీద ఈగ వాలినా విదిలించలేదు. కొంగస్వామి కాళ్ళ దగ్గరికి ఒక చేప వచ్చి, తీరిగ్గా తిరిగి, వెళ్ళిపోయింది. స్వామి గుటక మింగాడు.

నీళ్ళు అద్దంలా నిలిచాయి. పేరమ్మ ఆకు కాడ చివరికి వెళ్ళి గెంతింది. మూడు గెంతులు, కాసేపు ఆగడం. మళ్ళీ మూడు గెంతులు. వెంట్రుకంత అలలు బయలుదేరాయి. ఒక చుక్క తల ఎత్తి పక్కచుక్కను తట్టింది. అది తన పక్కదాన్ని తట్టింది.

రెల్లు దుబ్బుల్లో తాబేలు తాతకు ముక్కు మీద గిలిగింతలు పుట్టాయి.

"గాలి రేపిన అలైతే ఇష్టమొచ్చినట్టు వస్తుంది. ఇది ఒక వరసలో తడుతోంది. ఎవరో పిలుస్తున్నారే!" అనుకుని, అలలు వచ్చిన దిక్కుకు ఈదాడు. బాదం ఆకును ముక్కుతో మెల్లగా తోసుకుంటూ గట్టుకు చేర్చాడు.

పేరమ్మ గుడ్లన్నిటినీ పొడినేల మీద పెట్టి, ముందు తాతకు దండం పెట్టింది. తర్వాత ముగ్గురి వైపు తిరిగింది. "గోపన్నా, పోతురాజన్నా, స్వామీ, మీరు దూకబట్టే అల అంటే ఏమిటో నాకు తెలిసింది. మీరు ఆగబట్టే నా పిలుపు చేరింది."

చివరికి మడుగుకూ వంగి దండం పెట్టింది.

"నీళ్ళకెందుకే? అవి ఉన్నచోటునుంచి కదలనైనా లేదుగా!" అన్నాడు గోపన్న. అప్పటికే ఆయన నోరు తెరుచుకుంది.

"కదలకుండానే నా పిలుపును గట్టుదాకా మోశాయి గోపన్నా. ఏ ఒక్క చుక్క తల ఎత్తకపోయినా నా పిల్లలు ఉండేవారు కాదు."

ఆ గుడ్లు పగిలి పిల్లలయ్యాయి. ఆ పిల్లలకు పిల్లలయ్యాయి. చీమలు ఇప్పటికీ బారులో ఎదురుపడితే ఒక్క క్షణం ఆగి తల తాకించుకుంటాయి. చాడీలు చెప్పుకుంటున్నాయని మనం అనుకుంటాం, మనకున్న అలవాటు కొద్దీ. అవి పెట్టుకునేది దండం.

మనదాకా చేరిన మేలు ఎందరి తలల మీదుగా వచ్చిందో తెలుసుకుని, కనబడిన చివరివాడికే కాక నడుమనున్న ప్రతి ఒక్కరికీ దండం పెట్టాలి.