ఓలేసు పడవ ఎక్కిన ఆడవాళ్ళు

అనగా అనగా అంటే ఎప్పుడని మాత్రం నన్నడక్కండి. మా ముత్తవ్వకే తెలీదు, నాకేం తెలుస్తుంది? సముద్రం ఒడ్డున ఒక పల్లె. పల్లెకెదురుగా, నీళ్ళ అవతల, ఒక లంక. దాన్ని మేకల్లంక అనేవారు. ఎప్పుడో ఒక పెద్ద పడవ పగిలితే అందులోని మేకలు ఈదుకుంటూ అక్కడికెక్కాయట. వాటి పిల్లలూ, పిల్లల పిల్లలూ అక్కడే పెరిగాయి.

పల్లెలో ఓలేసు అని ఒక జాలరి. గొప్పోడేం కాదు. ఒక పాత పడవ, ఒక అతుకుల వల, ఒక పెళ్ళాం. పెళ్ళాం పేరు అసిరమ్మ. మొగుడు తెచ్చిన చేపలకి ఉప్పేసి, ఒడ్డున ఎండేసి, కాకుల్ని తోలడం ఆవిడ పని. రోజంతా లంక ఎదురుగా కనబడుతూనే ఉండేది.

పెళ్ళైన కొత్తలో ఒకసారి అడిగింది.

"మావా, ఆ లంక ఏటుంటాది?"

"ఏటుంటాది? ఇసకుంటాది, మేకలుంటాయి."

"నన్నొకపాలి తీసుకెల్లవా?"

ఓలేసు గబుక్కున చెవులు మూసుకున్నాడు. ఎందుకంటే ఆ పల్లెకో కట్టుబాటు. ఆడది పడవెక్కకూడదు. ఎక్కితే గంగమ్మకి కోపమొస్తుంది, ఆ పడవకి ఇక చేప పడదు. ఎవరు చెప్పారంటే పెద్దలు. పెద్దలకెవరు చెప్పారంటే వాళ్ళ పెద్దలు. గంగమ్మ కూడా ఆడదే కదా అని ఒక్కడికీ తోచలేదు చూడండి!

"తప్పే, అలాగ అడక్కూడదు," అన్నాడు ఓలేసు. అసిరమ్మ పోయి చేపలెండేసుకుంది.

ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళూ అయ్యాక ఇంకోసారి అడిగింది.

"మావా, ఆ లంక ఏటుంటాది?"

"ఇసకుంటాది, మేకలుంటాయి."

"నన్నొకపాలి తీసుకెల్లవా?"

"తప్పే, అలాగ అడక్కూడదు."

అసిరమ్మ పోయి చేపలెండేసుకుంది.

తల నెరిసింది. దగ్గు పట్టుకుంది, మనిషి సగమైపోయింది. వైద్యుడొచ్చి నాడి చూశాడు. మందివ్వలేదు. ఓలేసు భుజం తట్టి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం అసిరమ్మ పక్కమీదనుంచే అడిగింది.

"మావా, ఆ లంక ఏటుంటాది?"

అంతే. తీసుకెళ్ళమని ఈసారి అడగలేదు. అదే గుచ్చుకుంది ఓలేసుకి. నలభై ఏళ్ళు రోజూ అటువైపు పోయొచ్చాడు, పెళ్ళానికి చెప్పింది రెండే రెండు ముక్కలు. సిగ్గుతో తలెత్తలేకపోయాడు పాపం.

తెల్లారింది. అందరూ చూస్తుండగానే అసిరమ్మని రెండు చేతులా ఎత్తుకొచ్చి పడవలో కూచోబెట్టాడు. కులపెద్ద దానయ్య పరిగెత్తుకొచ్చాడు.

"ఒరే ఓలేసూ! నీకు మతిపోనాదేటిరా? ఈ పడవింక సేపల ఏటకి పనికిరాదు. నీతో వల లాగేవోడొక్కడుండడు!"

"అలగే బావా. కాస్త తొయ్యి," అన్నాడు ఓలేసు.

దానయ్య తొయ్యలేదు. ముసలి ఓలేసే తోసుకుని ఎక్కాడు.

సగం దూరం వెళ్ళేసరికి మూడు డాల్ఫిన్లు పడవ పక్కనే పైకెగిరాయి. "ఓలమ్మో!" అని అసిరమ్మ మొగుడి పంచె పట్టుకుంది. తర్వాత వదిలేసి చప్పట్లు కొట్టింది. లంక చేరగానే మేకలన్నీ పరిగెత్తుకొచ్చాయి. ఒక గెడ్డం మేక ఆవిడ రొంటినున్న తమలపాకుల్ని లాగి నమిలేసింది. "ఓసి నీ దుంపతెగ!" అని నవ్వింది అసిరమ్మ. నవ్వి నవ్వి దగ్గింది, దగ్గి మళ్ళీ నవ్వింది.

తర్వాత నీళ్ళంచున, తడి ఇసకలో కాళ్ళు బారజాపి కూచుంది. అల వచ్చి ఒళ్ళో పడుతోంది. ఒక తాబేలు అల్లంత దూరంలో తలెత్తి చూసి, భయం లేదనుకుని దగ్గరకొచ్చింది. పుట్టి బుద్ధెరిగాక, సముద్రం పక్కన పనేమీ లేకుండా కూచోడం అసిరమ్మకి అదే మొదలు. ఓలేసే మూడు రాళ్ళు పెట్టి అన్నం, చేపల పులుసు వండాడు.

"ఉప్పెక్కువేసేవు," అంది ఆవిడ. రెండోసారి కూడా వేయించుకుంది.

పొద్దు వాలుతుంటే అంది, "నువ్వు నాకేటీ సెప్పనేదు మావా. ఇన్నున్నాయి ఇక్కడ."

"నాకూ ఇయ్యాలే తెలిసిందే," అన్నాడు ఓలేసు. కళ్ళు తుడుచుకున్నాడు.

అసిరమ్మ ఇంకా తొమ్మిది రోజులు బతికింది. తొమ్మిది రోజులూ, చూడ్డానికొచ్చిన ఆడవాళ్ళందరికీ ఆ ఒక్క రోజు గురించే చెప్పింది.

దానయ్య అన్నంత పనీ చేశాడు. ఓలేసుతో ఎవరూ వేటకెళ్ళలేదు. ముసలాడు ఒడ్డున గవ్వలేరుకుని, గుల్లలేరుకుని బతికాడు. ఒకరోజు మిట్టమధ్యాన్నం ఒకావిడ వచ్చి పడవ పక్కన నిలబడింది. ఎవరనుకున్నారు? దానయ్య పెళ్ళాం బంగారమ్మ!

"అన్నా, నీ పడవెలాగా సెడిపోనాది కదా. ఇంకేటి సెడిపోద్ది? నన్నూ తీసుకెల్లు."

ఆవిడెళ్ళింది. తర్వాత ముగ్గురెళ్ళారు. తర్వాత పల్లెలో ఆడవాళ్ళంతా వంతులేసుకున్నారు. ప్రతి పున్నమికీ పొద్దున్నే వెళ్ళడం, మేకలతో ఆడుకోవడం, ఇసకలో పడి దొర్లడం, పొద్దుగూకేలోపు రావడం. మగాళ్ళు గొణిగారు. గొణగనీ, ఎవడాపాడు!

కొన్నాళ్ళకి ఓలేసు పోయాడు. పాడె మొయ్యడానికి మగాళ్ళు ముందుకొచ్చారు. ఆడవాళ్ళు "జరగండి" అన్నారు. మనిషిని పడవలో పడుకోబెట్టి, నలుగురు తెడ్లు పట్టారు. పడవ అలల మీద సూటిగా పోతోంది. దానయ్య నోరెళ్ళబెట్టాడు.

"తెడ్డెయ్యడం మీకెవులు నేర్పారే?" అని అరిచాడు.

"పడవలో ఉన్నాడు, వచ్చి అడుగు!" అంది బంగారమ్మ.

దానయ్య మొలలోతు నీళ్ళలోకి దిగాడు. తలపాగా తీసి చేత్తో పట్టుకుని, పడవ కనుమరుగయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు. ఆడవాళ్ళు ఓలేసుని లంక ఇసకలోనే పెట్టి వచ్చారు.

ఇప్పటికీ ఆ పల్లెలో, ఓలేసుని సాగనంపిన మాఘ పున్నమికి వల పడదు. ఆ రోజు ఎన్ని పడవలుంటే అన్నీ ఆడవాళ్ళవే. మగాళ్ళు నీళ్ళలో దిగి పడవలు తోస్తారు. తోసి, ఇంటికొచ్చి పులుసు పెడతారు. తోసేటప్పుడు మాత్రం, కులపెద్దయినా సరే, లంకకేసి చూసి గొంతెత్తి కేకెయ్యాలి. కేక వినబడితేగానీ ఆడవాళ్ళు తెడ్డెయ్యరు.

"ఓలేసూ! మావోళ్ళొస్తన్నారు, సూసుకో!"